ఆరు వెదురు బద్దలు... ఒక గాలపు కర్ర

“ఆడపిల్లవి, గాలం పట్టుకుని కాలవ గట్టున కూర్చుంటావుటే? ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు?” అంటూ మా నాయనమ్మ నా చేతిలోంచి వెదురు కర్ర లాగేసుకున్నప్పుడు నాకు తొమ్మిదేళ్లు. అన్నయ్య మాత్రం దర్జాగా బెండు వంక చూస్తూ, డబ్బాలో ఎర్రలు కలబెట్టుకుంటూ అక్కడే కూర్చున్నాడు. నేను ఏడ్చుకుంటూ ఇంటికొచ్చి నాయనమ్మ పక్కన బియ్యంలో రాళ్లు ఏరాను. ఆ సంగతి ఎప్పుడో మర్చిపోయాననే అనుకున్నాను. ఇరవై ఎనిమిదేళ్ల తర్వాత, ఎక్కడో అమెరికాలో, ఒక ముసలాయన ఇంటి కింద గదిలో అది మళ్లీ గుర్తుకొస్తుందని ఎవరనుకున్నారు!

2023 మేలో చెల్లెలి పురిటికి పెన్సిల్వేనియా వెళ్లాను. అమ్మకి మోకాళ్ల నొప్పులు. అంతదూరం ప్రయాణం చేయలేదు. “నీకేం, ఉద్యోగమా సద్యోగమా? ఖాళీయే కదా, నువ్వెళ్లు” అని ఇంట్లో అందరూ ఒక్కమాటగా తేల్చేశారు. బి.ఏ. చదివి, పదిహేనేళ్లుగా ఇల్లు దిద్దుకుంటూ, మధ్యాహ్నాలు కథలు రాసుకునే నాకు ఈ ‘ఖాళీ’ అన్న మాట కొత్త కాదు. మీలో చాలామందికీ కొత్త కాదనుకుంటాను.

చెల్లెలికి పథ్యం వండి, పసిదానికి నీళ్లు పోసి, సాంబ్రాణి లేకుండానే (పొగ పెడితే ఇంట్లో గంట మోగుతుంది మరి!) నిద్రపుచ్చాక మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా నిజంగానే ఖాళీ. వరండాలో కూర్చుని పాత చీరముక్కలతో పసిదానికి బొంత కుట్టేదాన్ని. పక్కింటి పెద్దావిడ రోజూ అటుగా వెళుతూ నవ్వేది. ఒకరోజు దగ్గరికి వచ్చి నా కుట్టు వేళ్లతో తడిమి చూసింది. “ఒక్క సాయం చేస్తావా? మా ఆయన చెయ్యి వణుకుతోంది” అంది.

వణికే చెయ్యి, ఆగిపోయిన పని

ఆయనకి డెబ్భై ఎనిమిదేళ్లు. బడిలో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ముప్ఫై ఏళ్లుగా తీరిక వేళల్లో వెదురుతో గాలపు కర్రలు తయారుచేస్తున్నారు. ఇంటి కింద గదిలో ఒక గోడ పొడుగునా బల్ల, దాని మీద చిత్రికలు, ఆకురాళ్లు, సానరాళ్లు. మూల నిలబెట్టిన పన్నెండడుగుల వెదురు బొంగులు. మన కాలవ గట్టున పిల్లలు పట్టుకునే కర్రే కదా, దీనికి ఇంత సరంజామా ఎందుకా అనుకున్నాను.

ఆయన ఒక కర్ర చేతికిచ్చారు. ఏడడుగుల పొడవు, బరువే లేదు. కొస అయితే మిల్లీమీటరున్నర లావు, అంతే! గుండ్రంగా కాక ఆరు పలకలుగా ఉంది. దగ్గరగా చూస్తే తెలిసింది, అది ఒక్క కర్ర కాదు. ఆరు సన్నటి బద్దలు, అతుకు కనపడకుండా అతికించినవి. మొదటి నుంచి చివరిదాకా చేత్తో చిత్రిక పట్టినవి.

ఆ కర్ర మనవరాలికి. ఆగస్టులో పన్నెండో పుట్టినరోజుకి ఇస్తానని మాటిచ్చారట. అంతా అయింది. దారం జారే ఉంగరాలని కర్రకి పట్టుదారంతో కట్టడం ఒక్కటే మిగిలింది. రెండేళ్లుగా వణుకుతున్న కుడిచేత్తో అదే ఆయనకి చేతకావడం లేదు. నాలుగుసార్లు కట్టి, నాలుగుసార్లు విప్పేశారని ఆవిడ నెమ్మదిగా చెప్పింది. ఆయన కిటికీ వైపు చూస్తూ ఉండిపోయారు.

“నువ్వేం చేస్తూంటావమ్మా?” అని అడిగారు నన్ను. “ఏమీ లేదండీ, ఇంట్లోనే” అన్నాను, అలవాటు ప్రకారం.

పట్టుదారం కట్టే తీరు చెబుతాను. కర్రని రెండు ఆనింపుల మీద పెడతారు. దారపుచుట్ట ఒక గిన్నెలో వేసి, దారాన్ని లావుపాటి పుస్తకం పేజీల మధ్య నుంచి లాగుతారు. ఆ బరువుకి దారం సడలకుండా బిగువుగా వస్తుంది. దారం మొదలు కర్ర వెంట పడుకోబెట్టి, దాని మీదే ఏడెనిమిది చుట్లు చుట్టి, మిగిలిన కొస కత్తిరించేయాలి. అక్కణ్ణుంచి కర్ర తిప్పుతుంటే చుట్టు పక్కన చుట్టు చేరుతూ ఉంగరం పాదం మీదికి ఎక్కుతుంది. చివరి ఏడెనిమిది చుట్ల కింద విడిగా ఒక దారపు ఉచ్చు పెట్టుకోవాలి. ఆఖరున కొసని ఆ ఉచ్చులో దూర్చి లాగేస్తే, అది చుట్ల కిందికి వెళ్లిపోతుంది. ఎక్కడా ముడి కనపడదు. చుట్ల మధ్య వెంట్రుకంత సందు ఉన్నా గోటితో జరిపి మూసేయాలి.

పూలజడలు కుట్టినవాళ్లం, చీరలకి ముళ్లు వేసినవాళ్లం. మనకిది రాదా? మొదటి కట్టు వంకరగా వచ్చింది. మూడోది ఆయన భూతద్దం పెట్టి చూశారు. ఏమీ అనలేదు. నాలుగో ఉంగరం నా ముందుకి జరిపారు.

ఒక్కో ఉంగరానికి రెండు కట్లు. వారంలో పూర్తయింది. మనవరాలికి పసుపు రంగు ఇష్టమట. పట్టుదారానికి నేరుగా వార్నిష్ రాస్తే నూనె తగిలిన కాగితంలా పారదర్శకమైపోయి రంగు మాయమవుతుంది. అందుకని ముందు రంగు నిలిపే పూత వేసి, ఆ తర్వాతే వార్నిష్. అది ఆరాక ఆయన కర్రని వెలుగులో తిప్పుతూ, “ఏమీ చేయనివాళ్ల వేళ్లు ఇలా ఉండవు” అన్నారు.

ఆ మాటకి నాకెందుకో కళ్లలో నీళ్లొచ్చాయి. అప్పుడే ధైర్యం చేసి అడిగాను, “నాకు మొదటి నుంచి నేర్పుతారా అంకుల్?” అని. అంకుల్ అనగానే పెద్దగా నవ్వారు. మూలనున్న బొంగు తీసి బల్ల మీద పెట్టారు.

కలకత్తా నుంచి వెళ్లిన వెదురు

పని చేస్తూ చేస్తూ ఆయన చెప్పిన కబుర్లు ఎన్నో. ఈ అతుకుల కర్రలకి అమెరికాలో ఆద్యుడిగా ఎక్కువమంది చెప్పేది శామ్యూల్ ఫిలిప్ అనే ఆయన పేరు. 1840ల్లో పెన్సిల్వేనియాలోని ఈస్టన్ ఊళ్లో తుపాకులు, వయొలిన్లు తయారుచేసేవాడు. తర్వాత మెయిన్ రాష్ట్రంలో హైరమ్ లియొనార్డ్ ఆరు బద్దల కర్రకి పేరు తెచ్చాడు. 1870ల్లో బద్దలు కోయడానికి యంత్రమే చేయించాడు.

అన్నిటికన్నా నన్ను ఆశ్చర్యపరిచింది ఇంకోటి. తొలిరోజుల్లో ఆ కర్రలకి వాడింది మన దేశం నుంచి వెళ్లిన వెదురు! ‘కలకత్తా వెదురు’ అనేవారట. దాని మీద కాల్చిన నల్లటి మచ్చలుండేవి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో చైనా వెదురు దాని స్థానంలోకి వచ్చింది. గ్వాంగ్‌డాంగ్ ప్రాంతంలో పెరిగే ఈ రకాన్ని ‘టోంకిన్ కేన్’ అంటారు. కణుపులు ఎత్తు తక్కువ, పీచు దట్టం. 1950లో అమెరికా చైనా సరుకుని నిషేధించడంతో వెదురు రావడం ఆగిపోయింది. అప్పటికే గాజుపీచు కర్రలు బజారులోకొచ్చాయి. వెదురు కర్రల కంపెనీలు ఒక్కొక్కటే మూతపడ్డాయి.

విద్య అంతరించిపోకుండా కాపాడింది ఒక పుస్తకం. ఎవరెట్ గారిసన్ అనే ఇంజనీరు ఇంట్లోనే కర్రలు చేసేవాడు. ఆయన పద్ధతినంతా హోగీ కార్మైకేల్ అనే శిష్యుడు పూసగుచ్చినట్టు రాసి, గురువు పోయాక 1977లో అచ్చువేయించాడు. ఇళ్లలో కూర్చుని నేర్చుకున్నవాళ్లు ఎందరో దాని చలవే. మా పెద్దాయన దగ్గర ఆ పుస్తకం అట్ట ఊడి, జిగురు మరకలతో, మన ఇళ్లలో వంటల పుస్తకంలా ఉంది!

చీల్చడం, కాల్చడం, చిత్రిక పట్టడం

వెదురు చెట్టు కాదు, గడ్డిజాతి. దాని బలమంతా పైతొక్క కింది పీచులోనే. లోపలికి పోయేకొద్దీ మెత్తన. అందుకే పైతొక్క వైపు చిత్రిక పెట్టకూడదు. ఈ పనిలో మొదటి సూత్రం ఇదే.

బొంగుని కత్తితో రెండుగా, మళ్లీ సన్నగా చీల్చుతారు. రంపంతో కోస్తే పీచు తెగిపోతుంది. చీలిస్తే పీచు దారినే విడిపోతుంది. రెండు ముక్కల కర్రకి పన్నెండు బద్దలు కావాలి. పక్కపక్క బద్దల్లో కణుపులు ఒకే చోట పడకుండా జరిపి, అప్పుడు కొలతకి కత్తిరించాలి. కణుపు దగ్గర కర్ర బలహీనం కదా, అవన్నీ ఒక్కచోట చేరితే అక్కడే విరుగుతుంది.

తర్వాత కణుపుని ఆకురాయితో రాచి, వేడి చూపించి, మెత్తబడగానే వైస్‌లో బిగించి చదును చేయాలి. వంకరలు కూడా వేడి మీదే సరిచేయాలి. ఆ తర్వాత బద్దని గాడిలో పెట్టి చిత్రిక పడుతూ ముక్కోణం చేయాలి. ప్రతి మూలా 60 డిగ్రీలు ఉంటే ఆరూ కలిసి పూర్తి చుట్టు అవుతుంది. లెక్కల మాస్టారికి ఈ పని ఎందుకంత ఇష్టమో నాకప్పుడు అర్థమయింది! ముక్కోణం చేసిన బద్దల్ని కట్టగా కట్టి దాదాపు 180 డిగ్రీల సెల్సియస్ వేడిలో కొద్ది నిమిషాలు కాలుస్తారు. తేమ పోయి కర్రకి పొగరు వస్తుంది. వేరుశనగపప్పు వేయించినట్టు కమ్మటి వాసన. ఒక్క రెండు నిమిషాలు ఎక్కువైతే పెళుసైపోతుంది. పోపు మాడ్చుకున్న అనుభవం ఉన్నవాళ్లకి ఈ జాగ్రత్త వేరే చెప్పక్కర్లేదు.

అసలు పని ఆ తర్వాత. రెండు పొడుగాటి ఉక్కు కడ్డీలు పక్కపక్కన బిగించి ఉంటాయి. మధ్యలో గాడి. ప్రతి ఐదంగుళాలకీ మరలుంటాయి. వాటిని తిప్పి గాడి లోతు అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన సరిచేస్తారు. ఆ గాడిలో బద్ద పెట్టి, చిత్రికతో ఉల్లిపొరలాంటి పేళ్లు తీస్తూ పోవాలి. మొదట్లో 4 మిల్లీమీటర్లుండే బద్ద కొసకి వచ్చేసరికి ముప్పాతిక మిల్లీమీటరు.

మూడు రోజుల పని... మూడు సెకన్లలో

అక్టోబరు మొదటివారం. పదో బద్ద చివరికొచ్చేశాను. పైన పసిది ఏడుస్తోందని చెల్లెలు ఫోన్ చేసింది. ఇంకో రెండు తోపులు తోసేసి వెళదామనుకున్నాను. చిత్రిక కత్తి మొద్దుబారిందని నాకు తెలుస్తూనే ఉంది. సాన పట్టడానికి బద్ధకించాను. కణుపు దగ్గర ‘టప్’ మని పీచు లేచి, బద్దలోంచి చిన్న పెళ్ల ఊడిపోయింది.

ఆ గుంట పూడ్చలేం. మూడు రోజుల పని పోయింది. తిరుగు ప్రయాణం నవంబరు మొదట్లో. అక్కడే బల్ల మీద తలపెట్టుకుని కూర్చున్నాను. పెద్దాయన వచ్చి ఆ బద్ద చూసి, “తీసింది మళ్లీ పెట్టలేం. కానీ బొంగులో ఇంకో బద్ద ఉంది” అన్నారు. ముందుగా సానరాయి నా ముందు పెట్టారు. “ఏడుస్తున్న పాపని ఎత్తుకున్నాకే ఇక్కడికి రా. రెండు పనుల మీద మనసు పెట్టినవాళ్లకి ఏదీ తెగదు.”

ఆలోచిస్తే నవ్వొచ్చింది. ఇంట్లో మనం రోజూ చేసేది అదే కదండీ! పాలు పొంగుతుంటే పిల్లల జడలు, జడలు వేస్తుంటే ఫోను. ఆ రోజు నుంచి, ఆ గదిలో ఉన్నంతసేపూ నా చేతులకి ఒక్కటే పని ఇచ్చాను. పెళ్లయ్యాక ఒక పని మీదే రెండు గంటలు కూర్చోవడం నాకు అదే మొదటిసారి.

రెండు వారాల్లో పన్నెండు బద్దలూ పూర్తయ్యాయి. జిగురు రాసి, ఆరేసి బద్దలు కలిపి, దారంతో ముందు ఒకవైపు నుంచి, తర్వాత ఎదురువైపు నుంచి చుట్టాం. ఒక్కవైపే చుడితే కర్ర మెలి తిరిగిపోతుంది. ఆరాక దారం విప్పి ఉప్పుకాగితంతో రుద్దితే, ఆరు బద్దలు ఒక్కటై బయటపడ్డాయి. రెండు ముక్కల్నీ కలిపే లోహపు గొట్టాలని ‘నికెల్ సిల్వర్’ అన్నారు. పేరులో వెండి ఉంది కానీ లోహంలో లేదు. రాగి, నికెల్, జింకు. అదే మన జర్మన్ సిల్వర్. మా అమ్మమ్మ కుంకుమభరిణె లోహం!

ఆడవాళ్లకీ గాలానికీ చుట్టరికం

“ఇది మగవాళ్ల సరదా కదా?” అని ఒకరోజు అడిగాను. ఈసారి పెద్దావిడ జవాబు చెప్పింది. గాలపు వేట మీద ఇంగ్లీషులో అచ్చయిన మొదటి పుస్తకం 1496 నాటిది. దాన్ని జూలియానా బెర్నర్స్ అనే సన్యాసిని రాసిందని చాలాకాలంగా చెప్పుకుంటారు. కాదనే పండితులూ ఉన్నారు. అందులో ఇంట్లోనే గాలపు కర్ర చేసుకునే విధానం ఉంది. కొమ్మని వేడి చేసి, నిటారుగా కట్టి ఆరబెట్టి, కాల్చిన ఇనపచువ్వతో లోపల తొలిచే పద్ధతి. మెయిన్ రాష్ట్రం 1897లో వేట దారి చూపేవాళ్లకి లైసెన్సులు మొదలుపెట్టినప్పుడు మొదటిది దక్కింది కార్నీలియా క్రాస్బీ అనే ఆవిడకి. ఆవిడ ముద్దుపేరే ‘ఫ్లై రాడ్’. మేరీ ఆర్విస్ మార్బరీ 1892లో ఈకలతో కట్టే ఎరల మీద పెద్ద పుస్తకం తెచ్చింది. ఆ ఎరలు కట్టిన పనివాళ్లూ ఆడవాళ్లే.

ఇదంతా వింటుంటే, మా నాయనమ్మ బతికుంటే చెప్పి ఉడికించేదాన్ని కదా అనిపించింది.

మీరూ చేసి చూడాలనుకుంటే...

* ఒకేసారి కర్ర మొత్తం మొదలుపెట్టకండి. ముందు ఏదైనా సన్న కర్రకి పట్టుదారం కట్టు వేయడం సాధన చేయండి. ఖర్చు లేదు.

* చీల్చిన వెదురు అంచు బ్లేడుతో సమానం. మందపాటి చేతితొడుగు లేకుండా ముట్టుకోవద్దు. పిల్లల్ని దూరంగా ఉంచండి.

* చిత్రిక కత్తి పదును తగ్గిన మరుక్షణం ఆపి సాన పట్టండి. నా పదో బద్ద గుర్తుంచుకోండి!

* పచ్చి వెదురు పనికిరాదు. బాగా ఆరిన బొంగే తీసుకోండి.

* జిగురు, వార్నిష్ పనులు గాలి వచ్చే చోటే చేయండి.

* ఓపిక లేని రోజున ఆ గది తలుపు తీయకండి.

మేదర మామ్మ చూపు

నవంబరులో తణుకు వచ్చాను. గొట్టంలో పెట్టి తెచ్చిన కర్రని చూసి మావారు, “కర్టెన్ రాడ్డు కోసం అంతదూరం వెళ్లావా?” అన్నారు. చెప్పాక కాసేపు నమ్మలేదు.

మా వీధిలోకి ఇరవై ఏళ్లుగా చేటలు, బుట్టలు తెచ్చే మేదర మామ్మ ఒకామె ఉంది. ఆ వారమే వచ్చింది. ఏమనిపించిందో, కర్ర తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. మామ్మ కళ్లద్దాలు లేకుండానే బొటనవేలితో మొదటి నుంచి కొస దాకా తడిమింది. “ఆరు బద్దలమ్మా. కణుపులు ఎడమెడంగా పడ్డాయి. పై తొక్క మీద కత్తి పెట్టలేదు... ఎవరు చేశారమ్మా, మావాళ్లేనా?” అంది.

నేనే చేశానంటే మామ్మ నా అరచేతులు తిప్పి చూసింది. చూపుడువేలి మీద కాయ కాచిన చోట నొక్కి, నవ్వింది. తర్వాత గుమ్మంలోనే కూర్చుని తన కత్తి తీసి, బుట్టలోని బొంగుముక్క చీల్చి చూపించింది. గాడి లేదు, మరలు లేవు, కొలబద్ద లేదు. చూపుతోనే బద్ద, బద్దలోంచి ఈనె. అన్నీ ఒకే మందం! మా పెద్దాయన బద్దని కాల్చి నిటారు చేస్తారు. మామ్మ తడిపి వంచుతుంది. అంతే తేడా. చేతి విద్యలో ఎవరూ తక్కువ కాదు.

“మీ పిల్లలకి నేర్పావా మామ్మా?” అన్నాను. “ఎందుకమ్మా, ప్లాస్టిక్ చేట అరవై రూపాయలకి వస్తుంటే నాది నూట యాభైకి ఎవరు కొంటారు? మీరే నూట ఇరవై అంటారు గదా” అంది. కోపంగా అనలేదు, మామూలుగానే అంది. నాకు మాత్రం తల ఎత్తబుద్ధి కాలేదు. ఒక బద్దకి మూడు రోజులు పట్టిన నేను, మామ్మ చేటకి ముప్ఫై రూపాయలు తగ్గించమని ఇన్నేళ్లూ గేటు దగ్గర నిలబడి వాదించాను. ఆ రోజు అడిగినంతా ఇచ్చాను. అది గొప్ప పని అనను. ఇవ్వాల్సింది ఎప్పుడో ఇవ్వాల్సింది.

తర్వాతి ఆదివారం మా పదేళ్ల అమ్మాయిని తీసుకుని కాలవ గట్టుకి వెళ్లాను. ఈకల ఎరలు మన చేపలకి ఏం తెలుస్తాయి? ఎర్ర గుచ్చి, బెండు కట్టి, కర్ర దాని చేతికే ఇచ్చాను. సైకిళ్ల మీద పోయేవాళ్లు ఆగి చూశారు. చూడనిచ్చాను. గంటన్నరకి నాలుగు పరిగెలు పడ్డాయి.

ఇంటికి తెస్తే అత్తయ్యగారు గిన్నెలోకి తొంగి చూసి, “పులుసుకి చాలవు. వేపుడు చెయ్యి... వచ్చే వారం కాస్త ముందే వెళ్లండి” అన్నారు.